బొమ్మ గీసిన చేతులు



రేడియోలో కూర్చుని బొమ్మల గురించి మాట్లాడటం ఒక రకంగా వింతే. కాని ఈ వేళ నేను చెప్పబోయే బొమ్మలు ఒకచోట నిలిచేవి కావు. నడుస్తాయి, ఎగురుతాయి, పోట్లాడుకుంటాయి, అలసిపోతే లడ్డూలు తింటాయి. మీ ఇంట్లో అయిదారేళ్ళ పిల్లలెవరైనా ఉంటే ఆ లడ్డూలు తినే వాడి పేరు ఈపాటికే చెప్పేసి ఉంటారు. అవును, ఛోటా భీమ్. ధోవతి కట్టుకుని, తన కంటే పదింతలున్న రాక్షసుణ్ణి గిరగిరా తిప్పి విసిరేసే ఆ కుర్రవాడు పుట్టింది హైదరాబాదులో. 2008 ఏప్రిల్‌లో పోగో ఛానల్లో మొదటిసారి కనిపించాడు. పదకొండేళ్ళ తరువాత, 2019లో, వాడే పాకే పసివాడుగా మారి నెట్‌ఫ్లిక్స్ ద్వారా దేశదేశాలకు వెళ్ళాడు. ఆ పసివాడి కథల్లో సంభాషణలు లేవు. మాటే లేని బొమ్మకు ఏ దేశపు సరిహద్దు మాత్రం ఏమి అడ్డు?

సరిహద్దు అన్న మాట ఎలాగూ వచ్చింది కనుక అడుగుతాను. బళ్ళారిలో, హోసూరులో, పర్లాకిమిడిలో, సిరొంచలో, షోలాపూరులో, యానాంలో ఈ ప్రసంగం వింటున్న మీకు ఈ కదిలే బొమ్మలతో ఏమి సంబంధం? ఉన్నది. మీరనుకుంటున్న దానికంటే కొంచెం ఎక్కువే ఉన్నది. మన దేశంలో యానిమేషన్ అనే ఈ పరిశ్రమ ఎలా పుట్టింది, ఎవరి కూలికి పని చేసింది, సొంత బొమ్మ ఎప్పుడు గీసుకుంది, ప్రపంచం మన వైపు చూస్తున్నదంటే అందులో నిజమెంత – ఈ విషయాలు కాస్త నెమ్మదిగా చెప్పుకుందాం.

ముందు తోలుబొమ్మల దగ్గర మొదలుపెడతాను. అనంతపురం సీమలో ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరున్నది. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఆ ఊళ్ళో మేకతోలును శుభ్రం చేసి, గీకి, వెలుతురు దూరేంత పలుచన చేసి, దాని మీద రాముణ్ణి, రావణుణ్ణి, హనుమంతుణ్ణి గీస్తారు. నగలున్న చోట సన్నసన్నని చిల్లులు పొడుస్తారు. వెనక దీపం పెడితే ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుగే రాముడి ముత్యాలహారం. భుజం దగ్గర, మోచేయి దగ్గర, మణికట్టు దగ్గర వేరు వేరు ముక్కలు కోసి దారంతో ముడివేస్తారు, అప్పుడు గాని చేయి ఆడదు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

మీరు గమనించవలసింది మరొకటి ఉన్నది. ఈ బొమ్మలాడించే కుటుంబాలలో చాలామంది ఇంట్లో మాట్లాడేది ఒక విధమైన మరాఠీ. తెర వెనక పాడేది తెలుగు, అందులోనూ రంగనాథ రామాయణపు ద్విపదలు. అదే జాతివారు బళ్ళారి వైపు కన్నడంలో పాడి తొగలు గొంబెయాట ఆడతారు. తమిళనాడులో తోల్‌పావై కూత్తు ఆడేవారిలోనూ మరాఠీ మూలాలున్న కుటుంబాలే ఎక్కువ. మహారాష్ట్రలో పింగుళి గ్రామంలో చర్మపు బొమ్మలాట ఉన్నది. ఒడిశాలో రావణఛాయ ఉన్నది, దానిలో బొమ్మలకు రంగులుండవు, చేతులు విడిగా ఆడవు, అయినా నీడలో ప్రాణముంటుంది. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, పాటలో ఇంకొక భాష. ఈ బతుకు ఎలాంటిదో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మ చేసే కుర్రవాణ్ణి అడిగి చూడండి. బొమ్మను తయారు చేశాక దాని లోపల ఎముకలు, కీళ్ళు అమరుస్తామని, దాన్ని రిగ్గింగ్ అంటారని చెబుతాడు. ఏ కీలు ఎంత వంగాలో ముందే నిర్ణయించకపోతే బొమ్మ చేయి వెనక్కి తిరిగిపోతుంది. నిమ్మలకుంట తాతకు ఈ మాట తెలియదు గాని ఆ పని తెలుసు. 1926లో లోట్టె రైనిగర్ అనే జర్మన్ మహిళ నల్లకాగితం కత్తిరించి, కీళ్ళు బిగించి, ఒక్కొక్క కదలికకూ ఒక్కొక్క ఫొటో తీసి, అహ్మద్ అనే రాజకుమారుడి కథను పూర్తి నిడివి చిత్రంగా తీసింది. అది నీడబొమ్మల ఆటకు కెమెరా తోడైన చిత్రం. మన దగ్గర నీడా ఉంది, ఆటా ఉంది, కెమెరా చేరటం మాత్రం ఆలస్యమైంది.

అసలు ఆలస్యమైందా అంటే, అదీ పూర్తిగా నిజం కాదు. నాసిక్ ప్రాంతపు మనిషి దాదాసాహెబ్ ఫాల్కే సంగతి మీకు తెలుసు. 1912లో ఆయన లండన్ వెళ్ళి కెమెరా తెచ్చుకున్నాడు. సినిమాకు పెట్టుబడి పెట్టమంటే ఎవరూ నమ్మలేదు. అప్పుడాయన కుండీలో బఠాణీ గింజ నాటి, అది మొలిచి పెరిగేదాకా రోజూ కాసిని ఫ్రేముల చొప్పున ఫొటోలు తీసి, అన్నీ కలిపి ఆడించి చూపించాడు. కళ్ళముందు గింజ చిట్లి మొలక లేచింది, ఆకు విప్పింది. డబ్బు పెట్టేవాళ్ళు దొరికారు. ‘రాజా హరిశ్చంద్ర’ రావటానికి ఆ బఠాణీ మొక్క చేసిన సాయం చిన్నది కాదు. తరువాత 1915లో అగ్గిపుల్లలు వాటంతట అవే కదిలే చిన్న చిత్రం కూడా తీశాడు. ఒక్కొక్క ఫ్రేము చొప్పున తీసి, నిర్జీవమైన దానిని కదిలించటం – యానిమేషన్ అంటే అంతే. ఆ లెక్కన మన సినిమా, మన యానిమేషన్ దాదాపు కవల పిల్లలు. ఒకటి మహావృక్షమైంది, రెండవది చాలాకాలం కుండీలోనే ఉండిపోయింది.

ఎందుకు ఉండిపోయింది? కారణం లెక్కలో ఉన్నది. కాగితం, కలం దగ్గరుంటే మీరూ వేసుకోండి. సినిమాలో ఒక సెకనుకు 24 ఫ్రేములు. ప్రతి బొమ్మనూ రెండేసి ఫ్రేముల పాటు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు కావాలి. పిల్లల టీవీ కథ ఒకటి 22 నిమిషాలుంటుందనుకోండి. 1,320 సెకన్లు. పన్నెండుతో గుణిస్తే 15,840 బొమ్మలు. అదీ తెర మీద ఒక్క పాత్ర మాత్రమే కదులుతుంటే. ఇన్ని బొమ్మలు చేత్తో గీసి, శుభ్రం చేసి, పారదర్శకమైన సెల్ రేకుల మీదికి ఎక్కించి, వెనక వైపు రంగులు పూసి, ఆరబెట్టి, ఒక్కొక్కటే కెమెరా కింద పెట్టి తీయాలి. ఒక నిర్మాత అదే డబ్బుతో మామూలు సినిమాలో నాలుగు పాటలు తీసుకుంటాడు. ఆయనను తప్పుపట్టలేం.

1934లో కలకత్తా న్యూ థియేటర్స్ వారు మూడు నిమిషాల ‘పీ బ్రదర్స్’ అనే కార్టూన్ చిత్రం తీశారు, గుణమయ్ బెనర్జీ గీశాడు. అక్కడొకటి ఇక్కడొకటి వచ్చాయి, నిలవలేదు. ఈ పని నిలదొక్కుకున్నది ప్రభుత్వం చేతిలో పడ్డాకే. 1956లో బొంబాయిలో ఫిల్మ్స్ డివిజన్ వారు కార్టూన్ విభాగం పెట్టారు. పని నేర్పటానికి అమెరికా నుంచి క్లెయిర్ వీక్స్ అనే ఆయన వచ్చాడు. డిస్నీ సంస్థలో ‘స్నో వైట్’, ‘బాంబి’ వంటి చిత్రాలకు పని చేసిన చేయి అది. పైగా ఆయన మిషనరీ తల్లిదండ్రులకు మన దేశంలోనే పుట్టినవాడు. ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రవాళ్ళు 1957లో ‘బన్యన్ డీర్’ అనే జాతక కథను తీశారు. అది మర్రిచెట్టు జింకరాజు కథ. అమెరికా పనితనంతో అజంతా గీతను కదిలించాలన్న ప్రయత్నం.

ఆ కుర్రవాళ్ళలో ఒకడు రామ్ మోహన్. భారత యానిమేషన్ పితామహుడని తరువాత అందరూ పిలిచినది ఈయననే. ఇక్కడ మన తెలుగు లంకె ఒకటి వస్తుంది. ఫిల్మ్స్ డివిజన్ ఉద్యోగం వదిలాక 1968లో ఆయన చేరినది ప్రసాద్ ప్రొడక్షన్స్‌లోని యానిమేషన్ విభాగంలో. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టి, బొంబాయి వెళ్ళి, తెరలు లాగటం నుంచి నిర్మాత అయ్యేదాకా అన్నీ చేసిన ఎల్.వి. ప్రసాద్ గారి సంస్థ అది. ఆ రోజుల్లో యానిమేషన్‌కు ఒక ప్రైవేటు నిర్మాత చోటివ్వటమంటే సాహసమే. 1972లో రామ్ మోహన్ సొంత సంస్థ పెట్టుకున్నాడు. బతుకుతెరువు మాత్రం ఎక్కువగా ప్రకటనలు, సినిమా టైటిళ్ళు. సత్యజిత్ రాయ్ ‘శత్రంజ్ కే ఖిలాడీ’లో వచ్చే కార్టూన్ భాగం ఆయన చేతిదే.

1974లో వచ్చిన ‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’ మీలో నడివయసు దాటిన వారికి గుర్తుండే ఉంటుంది. విజయా ములే దర్శకత్వం, భీమ్‌సేన్ బొమ్మలు. వేటగాడి వలతో సహా పక్షులన్నీ ఒక్కసారి ఎగిరిపోయే ఆ ఏడు నిమిషాల చిత్రాన్ని దూరదర్శన్ ఎన్నిసార్లు వేసిందో లెక్కలేదు. హిందీ సరిగా రాని మన పిల్లలు కూడా ఆ పాట కంఠతా చెప్పేవారు. ఖర్చు స్వల్పం, గీత సరళం, ప్రచారం ప్రభుత్వానిది. అయినా దేశం మొత్తానికి గుర్తున్న మొదటి కార్టూన్ అదే. డబ్బులేని చోట కూడా మంచి బొమ్మ పుడుతుందనటానికి నేను ఎప్పుడూ ఆ చిత్రాన్నే చూపిస్తాను.

ఇక రామాయణం సంగతి. జపాన్ దేశస్థుడు యుగో సాకో మన దేశంలో పురావస్తు తవ్వకాల మీద 1980ల్లో డాక్యుమెంటరీ తీయటానికి వచ్చి, రామకథ విని, చదివి, దానితో ప్రేమలో పడ్డాడు. రాముణ్ణి మనిషి నటిస్తే మనిషే కనిపిస్తాడు, బొమ్మ అయితేనే దేవుడు కనిపిస్తాడని ఆయన పట్టు. విదేశీయులు రామాయణాన్ని కార్టూన్ చేస్తారా అని ఇక్కడ అభ్యంతరాలు వచ్చాయి. ప్రభుత్వం కలిసిరాలేదు. చివరికి జపాన్‌లో సుమారు 450 మంది చిత్రకారులు లక్షదాకా సెల్ రేకుల మీద గీయగా, రామ్ మోహన్ కూడా ఒక దర్శకుడుగా ఉండగా, 1992లో చిత్రం పూర్తయింది. ధోవతి ఎలా కడతారో, నమస్కారం ఎలా పెడతారో, కింద కూర్చుని ఎలా తింటారో జపాన్ చిత్రకారులకు మనవాళ్ళు ఓపికగా చూపించవలసి వచ్చింది. ఆ చిత్రం అప్పట్లో మన థియేటర్లలో నిలవలేదు. టీవీలో చూసిన పిల్లలు మాత్రం మరిచిపోలేదు. ఆ పిల్లలే పెద్దవాళ్ళై తమ పిల్లలను వెంటబెట్టుకుని, 2025 జనవరిలో కొత్త ప్రింటుతో, ఈసారి తెలుగు మాటలతో కూడా విడుదలైనప్పుడు వెళ్ళి చూశారు. కథ మనది, బొమ్మ జపాన్‌ది. ఈ మాటను కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

దీనికి ఎదురుగా మరొక బొమ్మ ఉన్నది, పేరు మీనా. 1990ల్లో యూనిసెఫ్ వారు దక్షిణాసియా ఆడపిల్లల కోసం తయారు చేయించిన పాత్ర ఇది. బడికి పోవాలని మారాం చేసే పిల్ల, ఆమె తమ్ముడు రాజు, భుజం మీద మిఠూ అనే చిలక. రామ్ మోహన్ బృందం ఈ పిల్ల రూపం నిర్ణయించటానికి పడిన శ్రమ వింటే మీకే ఆశ్చర్యమేస్తుంది. బంగ్లాదేశ్‌లో, పాకిస్తాన్‌లో, నేపాల్‌లో, భారతదేశంలో ఎక్కడ చూపించినా ‘ఈమె మా ఊరి పిల్ల’ అనిపించాలి. అందుకని ఊరూరా తిరిగి తల్లులకు, పిల్లలకు రకరకాల బొమ్మలు చూపించి, బట్టలు మార్చి, జుట్టు మార్చి, వాళ్ళు ఒప్పుకున్నదే ఖాయం చేశారు. ‘కోళ్ళను లెక్కపెట్టు’ అనే అర్థం వచ్చే మొదటి కథలో, బడి కిటికీ దగ్గర చిలక విని వచ్చి చెప్పిన లెక్కలతో మీనా కోళ్ళదొంగను పట్టిస్తుంది. ఉత్తరప్రదేశ్ బడుల్లో మీనా రేడియో కథగా కూడా వచ్చింది. బొమ్మ కనిపించకపోయినా పిల్లలు ఆమెను గుర్తుపట్టారు. రేడియో మనిషిగా ఈ మాట చెప్పటంలో నాకు కొంచెం గర్వమే.

ఇంతవరకు చెప్పినది కళ సంగతి. ఇక కూలి సంగతి.

షోలాపూరులో ఉన్న మన పద్మశాలీ సోదరులకు ఇది చిటికెలో బోధపడుతుంది. నూలు షావుకారు ఇస్తాడు. నమూనా కూడా ఆయనే ఇస్తాడు. మీరు నేస్తారు. గజానికింత అని కూలి పుచ్చుకుంటారు. దుప్పటి మీద పేరు షావుకారుది, బజారులో ధర షావుకారుది, మరుసటి ఏడు అదే నమూనా మళ్ళీ అమ్ముకునే హక్కూ షావుకారుదే. 1990ల చివర్లో మన దేశానికి వచ్చిన యానిమేషన్ పనిలో అత్యధికభాగం సరిగ్గా ఇలాంటి కూలినేతే. కథ, పాత్రల రూపం, ఏ దృశ్యం తరువాత ఏ దృశ్యం రావాలో చూపించే స్టోరీబోర్డు అన్నీ అమెరికాలోనో ఫ్రాన్సులోనో తయారయ్యేవి. ముఖ్యమైన భంగిమల మధ్య ఉండే వందలాది బొమ్మలు గీయటం, రంగులు నింపటం ఇక్కడ జరిగేది. తిరిగి కూర్పు, శబ్దం అక్కడ. తల అక్కడ, చేతులు ఇక్కడ.

కూలినేత తప్పు అని నేను అనటం లేదు. ఆసియాలో ఈ దారిన నడవని దేశం లేదు. జపాన్ వారు అమెరికా టీవీ కోసం పని చేశారు. 1964లో అమెరికా పిల్లలు క్రిస్మస్‌కు చూసిన ఎర్రముక్కు జింక బొమ్మను కదిలించినది జపాన్ చేతులే. తైవాన్ చేసింది, ఫిలిప్పీన్స్ చేసింది. కొరియా వారు 1989 నుంచి ‘సింప్సన్స్’ బొమ్మలు గీశారు. తేడా ఎక్కడంటే, జపాన్‌లో తెజుకా ఒసాము అనే ఆయన 1963లోనే అణుబాలుడి కథను సొంతంగా టీవీకెక్కించాడు. సెకనుకు గీసే బొమ్మల సంఖ్య తగ్గించి, ఖర్చు తగ్గించి, హక్కు తన దగ్గర పెట్టుకున్నాడు. కొరియా వారు 2003లో పొరొరో అనే పెంగ్విన్ పిల్లను సృష్టించుకున్నారు. కూలి చేస్తూనే, ఆ కూలి డబ్బుతోనే పక్కన సొంత మగ్గం వేసుకున్నారన్నమాట.

మన దగ్గర ఆ సొంత మగ్గం వేసే ప్రయత్నాలు దాదాపు ఒకేసారి నాలుగు నగరాలలో జరిగాయి. అందులో మూడు దక్షిణాదివే, మీ జిల్లాల నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగేవే. చెన్నైలో పెంటామీడియా వారు 2000లో ‘పాండవాస్’ అనే కంప్యూటర్ చిత్రం తీశారు. ఆంగ్లచిత్రంగా దానికి జాతీయ బహుమతి వచ్చింది. అదే ఏడు ‘సిందబాద్’ చిత్రంలో మనుషులకు పరికరాలు కట్టి, వాళ్ళ కదలికలను బొమ్మలకు ఎక్కించే పద్ధతిని పూర్తి నిడివిలో వాడారు. ప్రపంచంలోనే అది తొలి ప్రయత్నాలలో ఒకటి. తిరువనంతపురంలో 1999లో టూంజ్ సంస్థ పుట్టింది. కార్టూన్ నెట్‌వర్క్ కోసం వారు తీసిన మొదటి భారతీయ ధారావాహిక ఎవరిదనుకున్నారు? తెనాలి రామునిది. 2003లో మన రామలింగడు మలయాళ దేశంలో బొమ్మయి, ఇంగ్లీషులో మాట్లాడి, మళ్ళీ తెలుగు దేశానికి వచ్చాడు. ఆయన బతికుంటే దీని మీద ఒక చాటువు చెప్పకుండా ఊరుకునేవాడు కాదు.

హైదరాబాదులో కలర్ చిప్స్, డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ వంటివి పెద్ద ఎత్తున విదేశీ పనులు చేశాయి. డీక్యూ వారి ‘జంగిల్ బుక్’ టీవీ ధారావాహిక 2010లో యూరప్ ఛానళ్ళకు ఎక్కింది. రాజీవ్ చిలక 2001లో గ్రీన్ గోల్డ్ పెట్టాడు. అమెరికాలో కంప్యూటర్ చదువు చదివి, ఉద్యోగం వదిలి, శాన్ ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ నేర్చుకుని వచ్చినవాడు. విక్రమ్ బేతాళ్, కృష్ణ కథలు తీశాడు. ఆ తరువాతే భీముడు. ఇక్కడ నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటి: భీముడి హక్కు గీసినవారి దగ్గరే ఉండటం. పుస్తకాల సంచి మీద, నీళ్ళ సీసా మీద, పుట్టినరోజు కేకు మీద భీముడి బొమ్మ వేసుకోవాలంటే హైదరాబాదుకు అడగాలి. కార్టూన్ వ్యాపారంలో అసలు రాబడి తెర మీద కంటే సంచి మీదే ఎక్కువ. బొమ్మ కళగా ఎంత గొప్పదన్న ప్రశ్న వేరు. గీత ముతకదని, కథలు ఒకే మూసవని పెద్దలు విసుక్కుంటారు, ఆ విసుగులో కొంత న్యాయమున్నది. కాని ఆ బొమ్మ కూలిబొమ్మ కాదు.

కూలి పని ఎంత పెళుసైనదో చెప్పటానికి రెండు ఫిబ్రవరి నెలలు చాలు. యానాం శ్రోతలు మొదటిది జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఆ కథ మీ కేంద్రపాలిత ప్రాంతపు రాజధాని పుదుచ్చేరిలోనే మొదలవుతుంది. ‘లైఫ్ ఆఫ్ పై’ సినిమా. సముద్రం మధ్య పడవలో ఒక కుర్రవాడు, ఒక పులి. ఆ పులి చాలా దృశ్యాల్లో నిజమైన పులి కాదు, వెంట్రుక వెంట్రుకా కంప్యూటర్‌లో అల్లినది. చేసినది లాస్ ఏంజిలస్‌కు చెందిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ, అందులో వారి హైదరాబాదు, ముంబై శాఖల శ్రమ కూడా ఉన్నది. 2013 ఫిబ్రవరి 24న ఆ పులికి ఆస్కార్ వచ్చింది. అంతకు దాదాపు రెండు వారాల ముందే ఆ సంస్థ దివాలా పిటిషన్ పెట్టుకున్నది. బహుమతి అందుకున్న ఆయన వేదిక మీద ఆ మాట ఎత్తబోతే సంగీతం వేసి మైకు ఆపేశారు. బయట వీధిలో వందలాది మంది కళాకారులు నిరసన తెలుపుతున్నారు. సినిమా కోట్ల డాలర్లు ఆర్జించింది, పులిని చేసినవారికి మాత్రం జీతాల దిగులు. ఎందుకంటే పని ముందుగా ఒప్పుకున్న ధరకు, హక్కు నిర్మాతకు. దర్శకుడు పదిసార్లు మార్చమంటే ఆ పదిసార్ల ఖర్చూ చేసినవాడి నెత్తినే.

రెండవది 2025 ఫిబ్రవరి. టెక్నికలర్ అనే పాత ఫ్రెంచి సంస్థ డబ్బు దొరకక ఉన్నట్టుండి కుప్పకూలింది. బెంగుళూరు, ముంబైలలో దాదాపు మూడువేల మంది ఒక్కసారిగా వీధిన పడ్డారు. 2016లో వచ్చి ఆస్కార్ గెలిచిన హాలీవుడ్ ‘జంగిల్ బుక్’ జంతువులలో బెంగుళూరు చేతులు కూడా ఉన్నాయి. ఆ మూడువేల మందిలో కోలారు నుంచి, అనంతపురం నుంచి, హోసూరు నుంచి వెళ్ళినవారు ఉండరనుకోవటానికి నాకు కారణం కనిపించదు. పనితనంలో లోపం లేదు. నిర్ణయం మాత్రం ఏడు సముద్రాల అవతల జరిగింది. మోగ్లీ కథ జరిగే అడవి మన మధ్య భారతంలో, మహారాష్ట్ర పొలిమేరకు దగ్గరగా ఉన్న సివ్‌నీ సీమలో ఉన్నదన్నది గుర్తుచేసుకుంటే ఈ విచిత్రం ఇంకా చేదుగా ఉంటుంది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని కాదు. ఈ పరిశ్రమకంటూ ప్రత్యేక విధానం తెచ్చిన మొదటి రాష్ట్రం కర్ణాటక, 2012లో. తెలంగాణ 2016లో తెచ్చింది. 2022 కేంద్ర బడ్జెట్‌లో దీనికొక కార్యదళాన్ని ప్రకటించారు. కాగితం మీది విధానాల కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది 2025 జూలైలో థియేటర్ల ముందు కనిపించిన జనం. అశ్విన్ కుమార్ దర్శకత్వం వహించిన ‘మహావతార్ నరసింహ’ అనే పూర్తి యానిమేషన్ చిత్రం 300 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసింది. నటులు లేరు, తారల పేర్లు లేవు. తెలుగులో మాటలు పెట్టి విడుదల చేస్తే ఊళ్ళకు ఊళ్ళు కదిలివెళ్ళి చూశాయి. నరసింహుడు వెలసిన అహోబిలం మన నల్లమలలోనిదే కదా. కార్టూన్ పిల్లలకే, పెద్దలు టిక్కెట్టు కొనరు అని ఇన్నేళ్ళుగా నిర్మాతలు చెప్పిన మాట ఆ చిత్రం తరువాత చెల్లదు. ఇంతకు ముందు 2012లో మన ‘ఈగ’ కూడా ఈ మాటను సగం కొట్టేసింది. ఆ సినిమా కథానాయకుడు కంప్యూటర్‌లో పుట్టిన పురుగు, దాని పనితనానికి జాతీయ బహుమతి హైదరాబాదు సంస్థ మకుటకు వచ్చింది. ఇంకొక వైపు గీతాంజలి రావు, ఫ్రేము ఫ్రేముకూ చేత్తో రంగులద్దినట్టు తీసిన ‘బాంబే రోజ్’ 2019లో వెనిస్ ఉత్సవంలో విమర్శకుల వారాన్ని ప్రారంభించింది. భక్తి ఒక దారి, కళ ఒక దారి, పసిపిల్లల ఆట ఒక దారి. ప్రపంచం మన వైపు చూస్తున్నదనే మాట ఈ మూడింటి వల్ల నిజమైంది. పదిమంది కూలి అయిదుగురి ధరకు దొరుకుతుందని చూసే చూపు వేరు, అది ఎవరు ఇంకా చవకగా చేస్తే అటు తిరిగిపోతుంది. ఇప్పుడు మధ్యబొమ్మలు గీసే పనిని, రంగులు నింపే పనిని యంత్రమే చేసే రోజులు వచ్చాయి. కూలినేతకు మరమగ్గం వచ్చినప్పుడు ఏమైందో మళ్ళీ షోలాపూరు వారినే అడగాలి.

ఈ ప్రసంగం వింటున్న తల్లిదండ్రులలో, పిల్లవాడు పుస్తకాల అట్టల మీద బొమ్మలు గీస్తున్నాడని కోప్పడేవారు కొందరైనా ఉంటారు. అదే పిల్లవాడి కోసం లక్షలు పోసి పట్నంలో ఏదో యానిమేషన్ కోర్సులో చేర్పించి, మూడేళ్ళకు సాఫ్ట్‌వేర్ పేర్లు తప్ప మరేమీ రాక తిరిగి వచ్చినవారినీ నేనెరుగుదును. చేర్చేముందు ఒక్క ప్రశ్న అడగండి: ఇక్కడ పిల్లలు రోజూ పెన్సిలుతో ఎంతసేపు గీస్తారు? బజారులో మనుషులను, గొడ్లను, పరుగెత్తే పిల్లలను చూసి గీయటం నేర్పని చోట కంప్యూటర్ ఎన్ని ఉన్నా ఒకటే. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయంలో యానిమేషన్ డిగ్రీ ఉన్నది. బెంగుళూరు చిత్రకళా పరిషత్తు, చెన్నై లలితకళల కళాశాల వంటి చోట్ల గీత నేర్చుకుని ఈ పనిలోకి వచ్చినవారు నిలదొక్కుకుంటారు. కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు, తాను గీసిన పాత్ర ఎవరి పేరు మీద నమోదవుతుందో చూసుకోమని కూడా పిల్లవాడికి చెప్పండి.

ఇక చివరగా మాట సంగతి. 2009లో పిల్లల కోసం తెలుగులో ఖుషి టీవీ, కన్నడంలో చింటు టీవీ మొదలయ్యాయి. తమిళంలో చుట్టి టీవీ అంతకు రెండేళ్ళ ముందే వచ్చింది. తెలుగు బడి అందుబాటులో లేని మన సరిహద్దు ఊళ్ళలో, ఇంట్లో పెద్దలు మాట్లాడే తెలుగు కాక పిల్లలు రోజూ వినే తెలుగు చాలాచోట్ల ఆ కార్టూన్లదే. ఆ తెలుగు ఏ ఊరిదీ కాదు. డబ్బింగు గదిలో, పెదవుల కదలికకు సరిపోయేటట్టు అమర్చిన తెలుగు. మొరసునాటి కథకులు తమ ఇంటి పలుకుతోనే కథలు రాసి పుస్తకాలు వేశారు. బళ్ళారి తెలుగుకు, పర్లాకిమిడి తెలుగుకు, సిరొంచ తెలుగుకు వాటి యాస, వాటి సామెత, వాటి వెటకారం ఉన్నాయి. తోలుబొమ్మలాటలో రాముడు ద్విపదలో మాట్లాడినా, కేతిగాడు, బంగారక్క మాత్రం ఆట ఏ ఊళ్ళో జరిగితే ఆ ఊరి మాటే మాట్లాడేవారు. జనం రాత్రంతా మేలుకుని కూర్చున్నది సగం వాళ్ళ కోసమే. హోసూరు పలుకు పలికే కార్టూన్ బొమ్మను మాత్రం నేనింతవరకు వినలేదు. మీలో ఎవరైనా విని ఉంటే, లేదా మీ పిల్లలెవరైనా గీస్తూ ఉంటే, ఆకాశవాణికి ఒక ఉత్తరం ముక్క రాయండి.